క్రోన్స్‌కి అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలా?

తమ్ముడూ, నీ క్రోన్స్‌కి (పేగులు వాచి పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) వాడే స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా కడుపునొప్పి, విరేచనాలు తిరగబెడుతున్నాయని, ఒంగోలు డాక్టరుగారు అడాలిముమాబ్ (రోగనిరోధక శక్తిని కొంత అణిచి పేగువాపు తగ్గించే ఇంజెక్షన్) మొదలుపెడదామంటే నీకు భయమేస్తోందని రాశావు. నన్నడిగితే ఎక్కువ భయపడాల్సింది స్టెరాయిడ్‌కే. ఏళ్ల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ రావచ్చు. అలాగని నీ అంతట నువ్వు ఆపేయకు.

సూదికి ముందు టీబీ సంగతి మాత్రం తేల్చుకో. పేగు టీబీ చాలాసార్లు అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. పైగా ఒంట్లో నిద్రపోతున్న టీబీని ఈ మందు లేపగలదు. ఛాతీ ఎక్స్‌రే, ఇగ్రా (దాగున్న టీబీని పట్టే) రక్తపరీక్ష, హెపటైటిస్ బి పరీక్ష కాకుండా మొదటి డోసుకి ఒప్పుకోకు. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందేమో అమ్మని అడిగి, అదీ డాక్టరుకి చెప్పు.

కావలిలో మా చెల్లెలు ఇదే వాడుతోంది. రెండు వారాలకోసారి పొట్ట మీద తనే పొడుచుకుంటుంది. నెల్లూరులో కొని, ఐస్‌ప్యాక్‌లు పెట్టిన డబ్బాలో బస్సులో తెచ్చుకుంటాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. రోహిణికార్తెలో కరెంటు పోతే అదొక టెన్షన్! ఖర్చంటావా, మన దేశంలో తయారైన బయోసిమిలర్ (ఒరిజినల్‌ని పోలిన మందు) 2014 నుంచీ ఉంది, ఒరిజినల్ కంటే చవక.

డాక్టరుని ఇంకొకటి అడుగు: పేగు ఎక్కడైనా మచ్చకట్టి సన్నబడిందా అని. అలాంటి ఇరుకు మందుతో తెరుచుకోదు, ఆపరేషన్ మాట రావచ్చు. మొదలుపెట్టాక జ్వరమొస్తే మాత్రం ఆయనకి ఫోన్ చేయకుండా తర్వాతి సూది వేసుకోకు.