తాళం గురించి మాట్లాడని తాళం కథ

అమ్మాయీ,

తాళాల కంపెనీ ప్రకటన కోసం నువ్వు రాసి పంపిన కథ రాత్రి ఒకసారి, పొద్దున మళ్లీ ఒకసారి చదివాను. భాష హాయిగా ఉంది, మనుషులు మనుషుల్లాగే మాట్లాడుతున్నారు. కానీ మూడో పేజీలో నీ హీరో నడుస్తూ నడుస్తూ ఆగి, జేబులోంచి తాళంకప్ప తీసి, "ఇది తుప్పు పట్టదు, మారుతాళంతో తెరుచుకోదు, పదేళ్ల గ్యారంటీ" అంటాడు చూడు, అక్కడ నేను కథలోంచి బయటికొచ్చేశాను. అప్పటిదాకా ప్రాణమున్న మనిషి ఒక్కసారిగా కరపత్రం అయిపోయాడు.

ఈ తప్పు నువ్వొక్కదానివే చేయడం లేదు. ముప్ఫై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ మొదట ఇదే చేస్తారు, నేనూ చేశాను. కంపెనీవాళ్లు వస్తువు గుణాల లిస్టు చేతికిస్తారు. దాన్ని ఎవరో ఒకరి నోట చెప్పించేస్తే పని అయిపోయిందనుకుంటాం. వస్తువు గుణాన్ని పాత్ర నోటితో చెప్పకూడదమ్మా. ఆ గుణమే పాత్ర స్వభావం అయిపోవాలి, లేదా ఆ గుణం వల్ల పాత్ర బతుకులో ఏదో ఒకటి జరగాలి.

మిషెలిన్ టైర్ల బొమ్మ నువ్వు చూసే ఉంటావు, టైర్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే లావుపాటి మనిషి. 1898లో ఓ గాలో అనే చిత్రకారుడు గీసిన మొదటి పోస్టర్‌లో ఆయన విందు బల్ల దగ్గర నిలబడి గ్లాసు ఎత్తి పట్టుకుని ఉంటాడు. గ్లాసులో మేకులు, పగిలిన గాజు పెంకులు. మా టైరు దారిలోని అడ్డంకుల్ని తాగేస్తుంది అని దాని అర్థం. అటూ ఇటూ గాలిపోయిన పోటీ టైర్లు నీరసంగా కూర్చుని ఉంటాయి. 'పంక్చర్ కాదు' అన్న పొడి మాటని ఆ చిత్రకారుడు ఒక మనిషి ఆకలిగా, ధైర్యంగా మార్చాడు. ఆ మనిషి తెల్లగా ఎందుకుంటాడో తెలుసా? ఆ రోజుల్లో టైర్లు నల్లగా ఉండేవి కావు, లేత రంగులో ఉండేవి. అంటే ఆ ఒంటి రంగు కూడా వస్తువు నుంచి వచ్చిందే, ఊహించి పెట్టింది కాదు.

నాకు ఇంకా ఇష్టమైనది మేట్యాగ్ వాషింగ్ మెషీన్ల ప్రకటన. అమెరికాలో 1967లో మొదలైంది. అందులో ముఖ్యమైన మనిషి మెషీన్ వాడే ఇల్లాలు కాదు, రిపేరు చేసే అతను. పాపం అతనికి పనే ఉండదు. ఫోను మోగదు. ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఆ మెషీన్ చెడిపోదని ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు, అతని ముఖం చూస్తే చాలు. గుణాన్ని నేరుగా చూపించకుండా, దాని వల్ల ఇంకొకళ్ల బతుకులో వచ్చిన మార్పుని చూపించారు. ఒక పాత్రని అన్ని సంవత్సరాలు నడిపించగలిగారంటే కారణం ఇదే: అతన్ని చూసి జాలిపడతాం, నవ్వుకుంటాం. మెషీన్‌ని చూసి జాలిపడలేం కదా.

ఇప్పుడు నీ తాళం దగ్గరికి వద్దాం. 'తుప్పు పట్టదు' అన్న మాట ఎవరికి కావాలో అడిగి చూసుకో. ఎవరికీ అక్కర్లేదు. మనిషికి కావలసింది వేరే. ఇంటికి తాళం వేసి, నాలుగు మెట్లు దిగి, అనుమానం వచ్చి వెనక్కెక్కి తాళాన్ని లాగి చూస్తాం. మళ్లీ దిగుతాం. వీధి మలుపు దాకా వెళ్లాక "వేశానా?" అని మళ్లీ టెన్షన్. ఈ తాళం ఆ టెన్షన్ తీరుస్తుందా లేదా? అదీ ప్రశ్న. నువ్వు పంపిన నమూనా నా టేబుల్ మీదే ఉంది. నిన్న ఇరవైసార్లు వేసి తీశాను. కడ్డీ లోపలికి దిగేటప్పుడు ఒక గట్టి 'టక్' వినిపిస్తుంది, వేళ్లకి కూడా తెలుస్తుంది. సగం దిగితే ఆ చప్పుడు రాదు. ఇది లిస్టులో లేదు! కంపెనీవాళ్లకి ఇది ఒక గుణమని తోచలేదు. నీకు తోచాలి. చూపు సరిగ్గా ఆనని ఒక పెద్దావిడని తీసుకో. ఆవిడ చెవితో తాళం వేస్తుంది. 'టక్' వినగానే వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోతుంది. ఆ దిగే నడకలోనే నీ వస్తువు ఉంది.

వస్తువుని చేత్తో పట్టుకోకుండా కథ మొదలుపెట్టకు. తయారుచేసేవాళ్లతో మాట్లాడు, బాగుచేసేవాళ్లతో ఇంకా ఎక్కువ మాట్లాడు. ఎక్కడ విరుగుతుందో, ఎవరు తిట్టుకుంటారో వాళ్లకి తెలుస్తుంది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక బ్యాగుల కంపెనీకి బొమ్మల కథలు రాశాను. ఏది పట్టుకున్నా వదలని ఒక మొండి పిల్లాడు అందులో హీరో. పిల్లలకి పిచ్చిగా నచ్చాడు. కానీ నేను ఆ బ్యాగుని ఒక్కసారి కూడా బరువు పెట్టి మోసి చూడలేదు. పట్టీ దగ్గర కుట్లు మూడు నెలలకే ఊడిపోవడం మొదలైంది. మామూలు ప్రకటన అయితే జనం మర్చిపోయేవాళ్లు. కథని మాత్రం మర్చిపోలేదు. పట్టీ తెగిన ప్రతి పిల్లా మా హీరో పేరే పెట్టి ఎగతాళి చేసింది. ఒక తల్లి రాసిన ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. మా వాడు ఆ పిల్లాణ్ణి నమ్మాడండీ అని రాసింది. బ్యాగుని నమ్మాడని రాయలేదు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. కథలో పెట్టే గుణం వస్తువులో నిజంగా ఉండాలి. లేకపోతే ఎంత డబ్బిచ్చినా రాయకు.

ఇంకొకటి. అందరి వస్తువులోనూ ఉండే గుణం మీద పాత్రని కట్టకు. బ్యాటరీల కంపెనీ డ్యూరాసెల్ 1973లో బ్యాటరీతో నడిచే గులాబీ రంగు కుందేలుని ప్రకటనల్లోకి తెచ్చింది. 1989లో పోటీ కంపెనీ ఎనర్జైజర్ దాన్నే ఎగతాళి చేస్తూ డప్పు కొట్టే తన కుందేలుని దింపింది. ఇప్పుడు అమెరికాలో కుందేలు అంటే ఎనర్జైజర్, చాలా ఇతర దేశాల్లో డ్యూరాసెల్. ఎక్కువకాలం వస్తుందని ఏ బ్యాటరీ అయినా చెప్పుకోవచ్చు కాబట్టే అది సాధ్యమైంది. నీ కథలో తాళం తీసేసి పోటీవాళ్ల తాళం పెట్టి చదివి చూడు. ఏమీ తేడా రాకపోతే ఇంకా రాయాల్సింది మిగిలి ఉన్నట్టే.

లోపం సంగతి కూడా చెప్పాలి, కంపెనీవాళ్లు ఒప్పుకోని భాగం ఇదే. నీ హీరోకి ఒక్క లోపమూ లేదు, అందుకే అతను గుర్తుండడు. గుణం ఎక్కడుంటే దాని పక్కనే ఇబ్బందీ ఉంటుంది. ఎవరికీ లొంగని తాళం సొంతదారుకి కూడా లొంగదు. ఆ పెద్దావిడ తాళంచెవి పోగొట్టుకుందనుకో. పక్కింటి కుర్రాడు తీగ పెట్టి తిప్పాడు, రాలేదు. సుత్తితో కొట్టాడు, గీత పడింది కానీ తెరుచుకోలేదు. ఆవిడ తన ఇంటి ముందు తనే పరాయిదానిలా గంటసేపు మెట్ల మీద కూర్చుంది. కూర్చుని, చెమట తుడుచుకుంటున్న కుర్రాణ్ణి చూసి చిన్నగా నవ్వింది. ఆ నవ్వు ఎందుకో నువ్వు వివరించకు, చదివేవాళ్లకి తెలుస్తుంది. అయితే సుత్తి దెబ్బకి ఈ తాళం నిజంగా ఆగుతుందో లేదో ముందు నువ్వే కొట్టి చూడు.

మన కస్టమర్‌ని ఇబ్బందిలో చూపిస్తే ఎలా అని కంపెనీవాళ్లు మీటింగ్‌లో అంటారు. గట్టిగా నిలబడు. మేట్యాగ్ రిపేరు మనిషి గురించి చెప్పు.

కథ కింద ఇది ప్రకటన అని, ఎవరు చేయించారో స్పష్టంగా రాయించు. మనసు పెట్టి చదివాక ఇదంతా అమ్మకం కోసమా అని తర్వాత తెలిస్తే పాఠకుడికి కలిగే బాధ మామూలుది కాదు. ముందే చెప్పి రాసిన మంచి కథని ఎవరూ అసహ్యించుకోరు.

కంపెనీ పేరు ఎన్నిసార్లు రావాలని అడిగావు. పాత్రల నోట ఒక్కసారి కూడా వద్దు. తాళం మీద ఎలాగూ చెక్కి ఉంది, ఆవిడ వేళ్లు ఆ అక్షరాల మీద ఆనితే చాలు.

కొత్త ప్రతి ఆదివారంలోపు పంపు, ఫోన్‌లో కాకుండా కాగితం మీద దిద్ది ఇస్తాను. అందులో 'టక్' అన్న మాట పదేపదే రాయకు. ఆవిడ మెట్లు దిగబోయే చోట ఒక్కటే ఉంచు.

ఆశీస్సులతో,
మామయ్య