డ్రోన్ కొనబోతున్న మేనల్లుడికి

గుంటూరు

చిరంజీవి మేనల్లుడిని ఆశీర్వదించి మామయ్య రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం అందింది. మేడికొండూరు దగ్గర నీ పదెకరాల మిరపకూ, గట్టు పక్క రైతులు నలుగురి చేలకూ కలిపి ఒక కెమెరా డ్రోన్ కొని, పంట ఆరోగ్యాన్ని పటంగా తీయించుకోవాలని ఉందనీ, కంటికి కనిపించని కాంతిని కూడా పట్టే మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉన్నదే తీసుకోవాలని ఎవరో లక్షల్లో లెక్క చెప్పారనీ రాశావు. ఆ డబ్బు ఇప్పుడే కట్టవద్దు. ఇక్కడ మిరప మీదా, దుగ్గిరాల వైపు వరి మీదా మామూలు కెమెరాతో పటాలు తీస్తూ వచ్చినవాడిగా చెబుతున్నాను: పైనుంచి తీసిన పటం పంటకు వచ్చిన జబ్బేమిటో చెప్పదు, చేలో ఎక్కడికి నడిచి వెళ్లి చూడాలో మాత్రమే చెబుతుంది. ఆ పనికి ఎంత అవసరమో అంతే ఖర్చు పెడితే చాలు.

ముందు రూపాయి ఖర్చు లేని దారి ఒకటుంది. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు సుమారు అయిదు రోజులకోసారి మన జిల్లా మీదుగా వెళ్తూ తీసే చిత్రాలు ఇంటర్నెట్‌లోని కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి. కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి కూడా వాటిలో నమోదవుతుంది కనుక, ఖరీదైన కెమెరాలు అమ్మేవారు పదే పదే చెప్పే, పంట పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచికను అక్కడే చూసుకోవచ్చు. అయితే చిత్రంలో ఒక్కో చుక్క (పిక్సెల్) 10 మీటర్ల చదరం కాబట్టి ఎకరం మొత్తం దాదాపు 40 చుక్కల్లో ఇమిడిపోతుంది. రెండు మూడు సాళ్లలో మొదలైన తెగులు అందులో ఆనదు. పైగా మొక్క ఎదిగే వానాకాలంలో మబ్బులు అడ్డుపడతాయి. అయినా గత మూడు నాలుగేళ్ల డిసెంబరు, జనవరి చిత్రాలు తెరిచి నీ పొలం చూడు. ఏటా ఒకే మూల పేలవంగా కనిపిస్తుంటే అది నేలలో ఉన్న లోపం. దానికి మట్టి పరీక్ష కావాలి గాని డ్రోన్ అక్కర్లేదు.

ఇక కెమెరా సంగతి. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ. మామూలు కెమెరాకు పరారుణం కనిపించదు గనుక ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల నుంచే లెక్కగట్టే వీఏఆర్ఐ, జీఎల్ఐ వంటి సూచికలతో సరిపెట్టుకోవాలి. ఇవి ఎన్‌డీవీఐతో సమానం కావు. కన్ను పట్టలేని దాన్ని ఇవి ముందుగా పసిగట్టి చెప్పవు. కానీ మిరప కమ్ముకున్నాక నడిమి సాళ్లలోకి ఎంతమంది వెళ్లి చూస్తున్నారో నీకు తెలియనిది కాదు. గట్టు మీద నిలబడి చూసిన చేనుకూ, నట్టనడుమ ఉన్న చేనుకూ తేడా చూపించడానికి మామూలు కెమెరా చాలు. మల్టీస్పెక్ట్రల్ కెమెరా అవసరమయ్యేది నత్రజని మోతాదును చోటుకొక రకంగా మార్చి వేసేవారికి. మనం ఇంకా ఆ దశకు రాలేదు.

కొనడం కన్నా మొదటి పంటకాలం అద్దెకు పెట్టుకోవడం మేలు. గుంటూరులోనూ విజయవాడలోనూ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లలో చాలామంది దగ్గర డ్రోన్ ఉంటుంది. డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతి దాకా ధనుర్మాసం కనుక వాళ్లకు ముహూర్తాలు ఉండవు. మన మిరప పూత మీద, కాపు మీద ఉండేది సరిగ్గా అప్పుడే. మూఢం రోజుల్లో కూడా బేరం మన వైపే మొగ్గుతుంది. అయితే వాళ్లకు అలవాటైన ఏటవాలు ఫొటోలు మనకు పనికిరావని, కెమెరా నిట్టనిలువుగా నేలను చూడాలని ముందే గట్టిగా చెప్పుకోవాలి. లేకపోతే చేను సినిమా పాటలాగా అందంగా వస్తుంది గాని పటం రాదు.

చట్టం మాట కూడా మరవకు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపు బరువున్నది నానో, అది దాటి 2 కిలోల వరకు మైక్రో. నానో డ్రోన్‌కు గాని, వ్యాపారం కోసం కాకుండా ఎగరేసే మైక్రో డ్రోన్‌కు గాని పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేసే మనిషికి మాత్రం అది ఉండి తీరాలి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌కు రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా కూడా తప్పనిసరి. ఎగరేసే ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై పటంలో నీ పొలం ఏ రంగు మండలంలో ఉందో చూసుకోవాలి. ఆకుపచ్చ మండలంలో 400 అడుగుల వరకు అనుమతి అడగనక్కర్లేదు; విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల నడుమ అయితే 200 అడుగులే హద్దు. గన్నవరం దగ్గరివారూ, సూర్యలంక వైమానిక స్థావరానికి దగ్గరగా బాపట్ల వైపు ఉన్నవారూ ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశాల్లో తయారైన డ్రోన్ల దిగుమతిని నిషేధించింది కాబట్టి, చేతులు మారి వచ్చిన విదేశీ డ్రోన్‌ను ఎవరైనా చవకగా ఇస్తామంటే బిల్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు చూడనిదే అడ్వాన్సు ఇవ్వకు. మందు కొట్టే డ్రోన్లకు వచ్చే సబ్సిడీల గురించి కూడా అడిగావు. అది వేరే యంత్రం, వేరే పని. ఈ లెక్కలో కలపవద్దు.

ఎగరేసే తీరు చెబుతాను. 12 మెగాపిక్సెళ్ల మామూలు చిన్న డ్రోన్‌ను 60 మీటర్ల ఎత్తులో, అంటే 200 అడుగులకు కొంచెం లోపల నడిపితే ఒక్కో చుక్క నేల మీద సుమారు 2 సెంటీమీటర్లకు సమానమవుతుంది, ఒక్కో ఫొటోలో రమారమి 80 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు నేల పడుతుంది. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ 75 శాతం, ఒక వరుసకూ పక్క వరుసకూ 70 శాతం నేల ఉమ్మడిగా ఉండాలి. ఆ లెక్కన ప్రతి 15 మీటర్లకు ఒక ఫొటో, 25 మీటర్లకు ఒక వరుస. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతూ మూడేసి సెకన్లకు ఒక ఫొటో తీస్తే, అంచులతో కలిపి పదెకరాలకు 150 ఫొటోలకు అటూ ఇటూగా వస్తాయి, ఒక్క బ్యాటరీలో పని ముగుస్తుంది. అంతకన్నా కిందికి దిగితే ఫొటోలు పెరిగి కంప్యూటర్ మొరాయించడమే తప్ప అదనంగా తెలిసేది తక్కువ.

కెమెరాను ఆటోలో వదలవద్దు. వెలుగు, రంగు రెండింటి సెట్టింగులనూ మొదట్లోనే బిగించి, చివరి ఫొటో వరకు మార్చకూడదు. ఆటోలో ఉంటే నల్లరేగడి కనిపించినచోట కెమెరా తనంతట తాను వెలుగు పెంచుకుని, పక్క సాలులోని పచ్చదనాన్ని అబద్ధం చేస్తుంది. షట్టర్ సెకనులో 800వ వంతు కన్నా వేగంగా ఉండాలి. మిరపకు మంచు ఆరిపోయాక, ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపు మంచి సమయం. నీళ్లు నిలిచిన వరి మడిలో నడినెత్తి ఎండ అద్దంలా తిరిగి కొడుతుంది కాబట్టి తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలి. ఆకాశం పూర్తిగా తేటగానో పూర్తిగా మూసుకునో ఉన్న రోజు ఎంచుకో. పోతూ వస్తూ ఉండే మబ్బులు చేను మీద లేని జబ్బును పుట్టిస్తాయి. మోటార్లకు వెళ్లే 11 కేవీ తీగలనూ, గద్దలనూ కనిపెట్టుకుని ఉండు. సంక్రాంతి ముందు గాలిపటాల దారం కూడా ప్రమాదమే. మిరపకోతకు వచ్చిన ఆడవాళ్లు పక్క చేలో ఉంటే ముఠా మేస్త్రీకి ముందే చెప్పి, వాళ్లు అన్నాలకు కూర్చున్నాకనో ఇళ్లకు వెళ్లాకనో ఎగరెయ్యాలి. నెత్తి మీద కెమెరా తిరుగుతుంటే వాళ్లకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో మగవాళ్లం ఆలోచించం.

ఫొటోలను ఒకే పటంగా కుట్టడానికి వెబ్‌ఓడీఎం, ఆ పటంపై సూచిక లెక్కగట్టడానికి క్యూజీఐఎస్ వాడు. మూలపు ప్రోగ్రాములు రెండూ ఉచితమే. 16 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ రెండువందల యాభై ఫొటోల వరకు మోస్తుంది. ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఎరుపు నుంచి ఆకుపచ్చ వరకు రంగులను ప్రోగ్రామ్ ఆ పటంలోని కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య సాగదీస్తుంది. అంటే నీ చేను నిండుగా ఉన్నా ఎక్కడో ఒకచోట ఎరుపు కనిపించి తీరుతుంది. అందుకే విలువల హద్దులను నువ్వే నిర్ణయించి, పంటకాలమంతా అవే ఉంచాలి. రెండవది కలుపు. కలుపు దుబ్బుగా లేచిన పాయ పటంలో అన్నిటికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది, శుభ్రంగా గొర్రు తోలిన పాయ పేలవంగా కనిపిస్తుంది. కనుక కలుపు తీయించిన తర్వాతే, అదీ నాటి నలభై రోజులు దాటి మొక్క కొంత నేలను కప్పాకే మొదటి పటం తియ్యాలి.

ఇక పటాన్ని చదవడం. రంగు కన్నా ఆకారం ఎక్కువ చెబుతుంది. తిన్నని గీతలా పోయిన పేలవం మనిషి చేతి పని: సాలు వెంట పరిచే డ్రిప్పు గొట్టం (లేటరల్) మూసుకుపోయి ఉంటుంది, లేదా మందు కొట్టినప్పుడు ఒక పట్టె తప్పిపోయి ఉంటుంది, లేదా ఎరువు చల్లిన మనిషి ఒక సాలు వదిలేసి ఉంటాడు. వంకర తిరుగుతూ పోయిన పేలవం నీటి పని, నేల పని: పాత బోదె పూడ్చిన జాడ, పల్లం, చౌడు. నల్లరేగడిలో వానకు నీళ్లు నిలిచిన పల్లంలో మిరప వేరు కుళ్లి, ఎండు తెగులు సోకడం నీకు తెలిసిందే. అది గుండ్రంగా గాక నీరు పారిన దారినే వ్యాపిస్తుంది. గుండ్రని మచ్చలైతే పురుగునో తెగులునో అనుమానించాలి. వరిలో దోమపోటు దీనికి చక్కని ఉదాహరణ. గట్టు మీదికి పచ్చగానే కనిపించే మడిలో, నడుమ ఎక్కడో సుడి తిరిగినట్లు ఎండిన వలయం ఏర్పడుతుంది. సుడిదోమ అన్న పేరు ఊరికే రాలేదని పైనుంచి చూసినవాడికి తెలుస్తుంది. అక్కడొకటి ఇక్కడొకటిగా ఒంటరి మొక్కలు పసుపు తిరిగి గిడసబారితే మిరపలో వైరస్‌ను ముందు తలచుకోవాలి. చేను అంచు నుంచి లోపలికి పాకిన పేలవం పక్క చేలోంచి వలస వచ్చినదాన్ని సూచిస్తుంది. ఇవన్నీ అనుమానాలే సుమా, తీర్పులు కావు.

పటంలోని చోట్లను ఫోన్‌లోని మ్యాపులో గుర్తుపెట్టుకుని, బాగా లేనివి రెండు, బాగున్నది ఒకటి, నడిమి రకం ఒకటి ఎంచుకుని నడిచి వెళ్లు. బాగున్నచోటికి వెళ్లడం చాలామంది మానేస్తారు. దానితో పోల్చకపోతే బాగా లేనిది ఎందుకు బాగాలేదో తెలియదు. వెళ్లినచోట ఆకు ముడత పైకా కిందికా చూడు: పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. పూత మీద ఉన్నప్పుడు ఒక తెల్ల కాగితాన్ని కొమ్మ కింద పట్టి పూలను వేలితో రెండుసార్లు తట్టు. నువ్వుగింజలో నాలుగో వంతైనా లేని సన్నని నల్లని పురుగులు కాగితం మీద చురుగ్గా పరుగెత్తితే అవి నల్ల తామర పురుగులు. 2021లో మన మిరపను ఊడ్చిపెట్టినవి అవే. అవి పూలలో దాక్కుని ఉండగా ఆకు ఇంకా పచ్చగానే ఉండవచ్చు, అప్పుడు నీ పటం కూడా పచ్చగానే ఉంటుంది. అందుకే పటం బాగుందని కాగితం తట్టడం మానవద్దు. ఏమీ తేలకపోతే మొక్కను వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి, అదేరోజు లాం ఫారానికి, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి తీసుకెళ్లు, పటం కూడా చూపించు. ఎంత మేర వ్యాపించిందో చూపగలిగితే అక్కడి శాస్త్రవేత్తలు ఇచ్చే సలహా మరింత సూటిగా ఉంటుంది.

వారం వారం ఎగరెయ్యనక్కర్లేదు. మొక్క కమ్ముకునే వేళ ఒకటి, తుఫాను వాన వెలిసి నీరు తీశాక ఒకటి, పూత మీద ఒకటి, మొదటి కోత తర్వాత ఒకటి చాలు. ఒక పటాన్ని ఇంకోదాని మీద పరిచి పోల్చాలంటే చిన్న డ్రోన్ల జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి, గట్టు మూలల్లో కదలని రాళ్లు నాలుగైదింటికి సున్నం కొట్టించి, వాటిని ఆనవాళ్లుగా పెట్టుకో. బోరు దిమ్మె కూడా పనికొస్తుంది. రకం మారినచోట పోలిక పెట్టవద్దు. తేజకూ 334కూ ఆకు రంగులోనే తేడా ఉంటుంది.

ఈ ధనుర్మాసంలో అద్దె డ్రోన్‌తో ఒకసారి తీయించు. రంగులు వేసిన బొమ్మ కాకుండా అసలు ఫైలునే, నువ్వు నడిచి చూసిన నాలుగు చోట్ల తీసిన ఆకు ఫొటోలతో కలిపి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గుంటూరు రా. కొనాలా వద్దా, కొంటే అయిదుగురి మధ్య ఖర్చు ఎలా పంచుకోవాలన్నది అవి ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. చెల్లాయిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య