గ్లియోబ్లాస్టోమాలో స్టెమ్ సెల్స్‌ని మాత్రమే చంపే మందు ఎందుకు రాలేదు?

మీరు అడిగింది ఇదీ: గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌లో ట్యూమర్ మళ్లీ పెరగడానికి కారణం క్యాన్సర్ స్టెమ్ సెల్సే (ట్యూమర్‌ని మళ్లీ పుట్టించగల కణాలే) అయినప్పుడు వాటి మీదే గురిపెట్టవచ్చు కదా అని. పీహెచ్‌డీలో నా పనంతా ఈ కణాలతోనే. అసలు చిక్కు ఎక్కడంటే, అవన్నీ ఒక్క రకం కావు, ఉన్న రకం కూడా మారిపోతూ ఉంటుంది.

ఆపరేషన్‌లో తీసిన ముక్కని కణాలుగా విడదీసి, సీరం లేని మీడియంలో (కణాలు పెంచే పోషక ద్రవంలో) ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్లు కలిపి పెంచితే కొన్ని కణాలు ఉండలు కడతాయి. వాటిని స్ఫియర్స్ అంటాం; స్టెమ్ సెల్స్ ఉన్నాయనడానికి అదొక సూచన. ఒకే పేషెంట్ ట్యూమర్‌లో రెండు చోట్ల నుంచి తీసిన ముక్కలు పక్కపక్క ఫ్లాస్కుల్లో పెంచాను. ఒకదాంట్లో చక్కగా ఉండలు తేలాయి, ఇంకోదాంట్లో కణాలు అడుగుకి అంటుకుపోయాయి. టెమోజోలమైడ్ అనే కీమో మందు ఒకే డోసు ఇచ్చినా రెండూ ఒకేలా స్పందించలేదు. లేబుల్ చూడకపోతే ఇద్దరు పేషెంట్లవి అనుకునేవాళ్లం.

2004లో టొరంటోలో పీటర్ డర్క్స్ బృందం, సీడీ133 అనే గుర్తు ఉన్న 100 కణాలు చాలు ఎలుక మెదడులో ట్యూమర్ రావడానికి, గుర్తు లేనివి లక్ష వేసినా రాలేదని చూపించింది. శత్రువు దొరికేశాడనుకున్నారు. తర్వాత కొందరి ట్యూమర్లలో ఆ గుర్తు లేని కణాలూ అదే పని చేశాయి! 2019 నాటికి ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివి, గ్లియోబ్లాస్టోమా కణాలు ప్రధానంగా నాలుగు స్థితుల్లో ఉంటాయని తేల్చారు. ఒక స్థితిలో ఉన్నవాటినే ఏరి ఎలుకలో పెడితే మిగతా స్థితులూ పుట్టుకొచ్చాయి. నా దృష్టిలో అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. ఒక రకాన్ని పూర్తిగా తుడిచేసినా, మిగిలినవి ఆ ఖాళీ నింపేస్తాయి.

కొన్ని గ్లియోబ్లాస్టోమా కణాల మీద ఉండే ఈజీఎఫ్ఆర్‌వీ3 అనే మారిన ప్రోటీన్‌కి గురిపెట్టిన రిండోపెపిముట్ టీకా పెద్ద ట్రయల్‌లో ఆయుష్షు పెంచలేకపోయింది. తిరగబెట్టిన ట్యూమర్లు చాలావాటిలో ఆ టార్గెటే కనిపించలేదు. అదీ టీకా తీసుకోనివాళ్లలో కూడా!

ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండి అడుగుతున్నట్టయితే, "స్టెమ్ సెల్స్‌ని వేళ్లతో సహా తీసేస్తాం" అనే ప్రకటనలకి డబ్బు పెట్టకండి. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే వరుసే ఇప్పటికీ ఆధారం. రిపోర్టులో ఐడీహెచ్ (ఆ జన్యువులో మార్పు ఉందా అనేది), ఎంజీఎంటీ మెథిలేషన్ (టెమోజోలమైడ్ ఎంత పనిచేయవచ్చో సూచించేది) పరీక్షల ఫలితాలు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే డాక్టర్‌ని అడగండి.