మేడిపండులో పోతులు

సందేహం: మల్లేశ్వరంలో మా వీధి అత్తిచెట్టు (మేడిచెట్టు) గురించి అపార్టుమెంటు పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ఆ పండ్లలోని కందిరీగల్లో ఆడవాటికి రెక్కలుంటాయి, మగవాటికి ఉండవు. అలాంటి పండ్లలోనే బతికే మరికొన్ని జాతుల్లో మగవాటిలోనే కొన్నింటికి రెక్కలుంటాయి, కొన్నింటికి ఉండవు. ‘స్త్రీ కీటకం’, ‘పురుష కీటకం’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: వద్దమ్మా. స్త్రీ, పురుషుడు మనుషుల మాటలు. రెండు మిల్లీమీటర్ల ప్రాణికి పురుషత్వం అంటగడితే, రేపు ‘పురుషుడు పండులోనే మరణించాడు’ అనీ రాస్తారు. టీవీలో మగసింహం ఇప్పటికే ‘వచ్చేస్తున్నాడు’. జంతువులకు ‘వస్తోంది’ అనే అమహత్తు రూపం మీద ఆశ వదులుకోవలసిందే.

మనకు ‘పోతు’ లేదా? దున్నపోతు, మేకపోతు అందరూ ఎరిగినవే. తమిళంలో ఇది ‘పోత్తు’. ఎద్దు, ఎనుము, పులి మొదలుకొని నీటిలో బతికే జీవాల దాకా ఆ పేరు చెల్లుతుందని ప్రాచీన తమిళ వ్యాకరణం తొల్కాప్పియం చెబుతుంది. మనవాళ్లు చెట్టునూ వదలలేదు: కాయ కాయని తాటిచెట్టు పోతుతాడు. ఇక తేనెటీగలు పెంచేవారి నోట ‘పోతుటీగ’ నిత్యం నలిగే మాట. పోతుకూ ఈగకూ నడుమ ‘ట’ చేరే టుగాగమం ఎంత ఒద్దికగా కుదిరిందో చూడండి! తిండిపోతు, తిరుగుబోతుల సంగతి వేరు, అక్కడ ఆడామగా తేడా లేదు.

‘పొట్ట విప్పి చూడ పురుగులుండు’ అన్న వేమన అంతటితో ఆగాడు. భూతద్దం పెడితే లేతపసుపు పోతు కనబడుతుంది. ముందు పుట్టేది అదే. ఆడది పండులోపలి బుడిపెలో ఉండగానే దానితో జతకట్టి, పండు గోడకు కన్నం తొలిచి, అక్కడే చస్తుంది. ఆ కన్నంలోంచి నల్లని ఆడది పుప్పొడితో ఎగిరిపోతుంది. పురుగు లేకుంటే మేడికి విత్తు కట్టదు. అలాంటి పండును పిరికివాడి బింకానికి పోల్చాడేమని వేమనను నిలదీసే సాహసం నాకు లేదు గాని, మనసులో ఉంది.

రెక్కలున్న మగవాటిని పోతుటీగలనండి. రెక్కల్లేనిదాన్ని ‘ఈగ’ అనడానికి నాకు మనసొప్పదు, ‘పోతుపురుగు’ నయం. అయితే ఒకే జాతిలో ఇద్దరన్నదమ్ములకు రెండు పేర్లు పెడితే చదువరి రెండు జాతులనుకుంటాడు. ‘రెక్కల పోతు’, ‘రెక్కల్లేని పోతు’ అంటే ఆ చిక్కు తీరుతుందేమో, రాసి చూడండి. పోతుకు జోడు ‘పెంటి’ నిఘంటువుల్లో ఉంది గాని, నేటి చెవికి అది పెంటలా వినబడుతుంది. ‘ఆడది’ చాలు.