మర్నాడే ఇంటికి వచ్చేస్తావా?

అమ్మణ్ణీ,

నీకు నెలలు నిండాయని మీ అమ్మ చెబితే ఎంత సంతోషపడ్డానో, ఆ వెంటనే చెప్పిన మాటకు అంత టెన్షన్ పడ్డాను. నెల్లూరులో కాన్పయిన మర్నాడే బిడ్డనెత్తుకుని ఊరికి వచ్చేస్తానన్నావట. ఆసుపత్రి వాసన పడదు, రూము అద్దె దండగ అన్నావట. నీ పనులన్నీ నువ్వే చక్కబెట్టుకునే పిల్లవని నాకు ఎప్పుడూ గర్వమే. ఈ ఒక్కదానికి మాత్రం మీ పెద్దమ్మ మాట విను.

సంచి సర్దడం మీ అమ్మకు వదిలెయ్. స్కానింగ్ రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం ఒకే కవర్లో పెట్టుకో, చాలు.

మామూలు కాన్పుకైనా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో 48 గంటలు ఉంచాలన్నది పద్ధతి. సిజేరియన్ అయితే డాక్టరమ్మ పంపేదాకా కదలొద్దు, అందులో బేరం లేదు. నెల్లూరు దర్గామిట్టలో ఇల్లున్నవాళ్లు తేడా వస్తే పది నిమిషాల్లో వెనక్కి వస్తారు. నువ్వు బుచ్చి, సంగం దాటి, వింజమూరు కూడా దాటి పోవాలి. రాత్రి పన్నెండింటికి ఏదైనా అయితే ఆ దారి ఎంత పొడుగో నాకు తెలుసు.

మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు, నేను చెబుతాను. నువ్వు పుట్టిన మర్నాడు మధ్యాహ్నమే మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చేశారు. ఎల్లుండి అమావాస్య, బాలింత గడప దాటకూడదని మీ నాయనమ్మ పట్టు. ఇంకో రాత్రి ఉండమని డాక్టరు చెప్పినా మీ నాన్న సంతకం పెట్టి తీసుకొచ్చాడు. ఆ రాత్రికే నీ ముఖం పచ్చబడింది. మర్నాటికి పాలకు లేవడం మానేశావు. మంచి నిద్ర, బుద్ధిమంతురాలని అందరూ మురిసిపోయారు. కాసేపు ఎండలో పెట్టారు. నేను ఒంగోలులో నర్సు డ్యూటీలో ఉన్నాను, సెలవు దొరికి వచ్చేసరికి ఇంకో రోజు గడిచింది. నీ నుదురు వేలితో నొక్కి చూశాను, తర్వాత రొమ్ము, పొట్ట. అరికాలు కూడా పసుపే. గిల్లినా గట్టిగా ఏడవలేదు. నా చేతులు వణికాయి.

జీపు దొరకడానికే సాయంత్రమైంది. దారి పొడవునా నీ అరికాలు తడుతూ కూర్చున్నాను. మీ అమ్మది ఓ గ్రూపు, నీది బి. అలాంటప్పుడు కామెర్లు తొందరగా, గట్టిగా వస్తాయి. ఒక్క రోజు ఆగి ఉంటే నర్సు కంటికే పడేది. కళ్లకు గంతలు కట్టి నిన్ను నీలం లైటు కింద పడుకోబెట్టారు. మీ అమ్మ పాలు గడ్డకట్టి, జ్వరంతో, కుట్లతో బయట బల్ల మీద కూర్చుంది. మీ నాయనమ్మను నేను తిట్టను తల్లీ. ఆమె కాన్పులన్నీ ఇంట్లోనే జరిగాయి, ఆమెకు తెలిసిన జాగ్రత్త అమావాస్యే. ఆ రాత్రి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

నీది ఓ గ్రూపు కాదు, ఆ చిక్కు నీకు దాదాపు లేనట్టే. కానీ కామెర్లు గ్రూపు వల్లే రావు, చాలామంది పిల్లలకు మూడు నుంచి ఐదో రోజు మధ్య ఎక్కువవుతాయి. మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే ఎవరెన్ని చెప్పినా అది మామూలు కాదు. అందుకే రెండు రాత్రులు ఉండి, మూడో రోజు పిల్లల డాక్టరు బిడ్డను వెలుతురులో చూశాకే బయల్దేరు. బిడ్డ ఒంటికి పోయిందా, నల్లటి విరేచనం అయిందా, రొమ్ము సరిగా పట్టుకుంటుందా అని నువ్వే అడుగు. ముర్రుపాలు పిండి పారబొయ్యమంటే ఎవరి మాటా వినకు. బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేయించుకునే రా.

నీ సంగతీ మర్చిపోకు. గంటలోపే ప్యాడు నిండా తడిసిపోయినా, తల పగిలే నొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, జ్వరమొచ్చినా ఊరికే మైల, నీరసం అని సర్దుకోవద్దు. కాన్పయ్యాక బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు లోపు కూడా పెరుగుతుంది. అప్పటికి ఇంట్లో అందరూ బిడ్డ చుట్టూ చేరి ఉంటారు, నిన్ను చూసేవాళ్లు ఉండరు. నా భయమంతా అదే.

డబ్బు మాటంటావా, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో జననీ శిశు సురక్ష పథకం కింద మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు భోజనంతో సహా ఉచితం. ప్రైవేటులోనే అంటావా, ఆ రెండో రాత్రి అద్దె నేనిస్తాను. మీ ఆయనతో చెప్పు, మొహమాటపడొద్దని.

మన ఊరి ఆశ కార్యకర్తకు ఇప్పుడే నీ పేరు చెప్పించు. లేకపోతే నువ్వు అత్తారింటి ఊరి లెక్కలోనే ఉండిపోతావు. 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె వచ్చి బిడ్డను చూడాలి.

నొప్పులు మొదలవగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. బస్సు దొరక్కపోతే కారు మాట్లాడుకుని వస్తాను. ఆ రెండు రాత్రులూ నీ మంచం పక్కన నేనుంటాను, మీ అమ్మను పగలు రమ్మంటాను.

మీ పెద్దమ్మ