లా మొదటి ఏడాదిలోనే జడ్జి కోచింగ్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియం. లాసెట్ రాసి ఐదేళ్ల ఎల్ఎల్‌బీలో చేరింది. అర్ధరాత్రి దాకా చదివినా కాంట్రాక్ట్ లాలో అత్తెసరు మార్కులే వచ్చాయి. ఇంగ్లిష్ మీడియం పిల్లలతో పోటీ పడగలదా? ఇప్పుడే జ్యుడీషియల్ సర్వీస్ కోచింగ్‌లో చేర్పించమంటారా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అమ్మాయిని తప్పు కోర్సులో చేర్చామేమోనన్న భయం మీ ప్రశ్నలో కనిపిస్తోంది. ఆ భయం వదిలేయండి. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది తడబడటం నేను ఏటా చూస్తున్నాను. చాలామంది రెండో ఏడాదికి కుదురుకుంటారు. ఎస్టాపెల్ (ముందు ఒకటి చెప్పి నమ్మించి, తర్వాత దానికి విరుద్ధంగా మాట్లాడనివ్వని నియమం) లాంటి మాటలు ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ కొత్తవే.

అంతసేపు చదివినా మార్కులు రాలేదంటే ఇంటర్‌లో లాగే బట్టీ పడుతోందేమో చూడండి. పదిహేడేళ్ల కుర్రాడు ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే అది చెల్లుతుందా అని పేపర్లో అడుగుతారు. ఒప్పందం చేసుకునే అర్హత ఎవరికుందో చెప్పే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 11 అప్పజెప్పితే చాలదు. మైనర్ ఒప్పందం చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) ఎందుకు చెప్పిందో రాసి, ఈ కుర్రాడి విషయానికి అన్వయించాలి. ఆ కేసులో అప్పు తీసుకున్న కుర్రాడు మైనరని అప్పిచ్చినవాడి ఏజెంటుకు ముందే తెలుసు. అందుకే కుర్రాడి మాట నమ్మి మోసపోయామన్న వాదన నిలవలేదు. గైడు చదివేవాళ్లు వదిలేసేది సరిగ్గా ఇలాంటి సంగతులే.

అందుకని తీర్పు చదవాలి. గొడవ ఏంటి, కోర్టు తేల్చాల్సింది ఏంటి, ఏం తేల్చింది, ఏ కారణంతో... ఇవి ఒక పేజీలో ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో రాసుకోమనండి. ఒక్క తీర్పుకే సాయంత్రమంతా పట్టినా పట్టనివ్వండి. బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానాలు లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) సెక్షన్ కింద ఉండే ఇలస్ట్రేషన్లు, అంటే ఉదాహరణలు, దాటేయొద్దనండి. సీనియర్ల పాత నోట్స్‌తో మాత్రం జాగ్రత్త. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ ఇప్పుడు 302 కాదు, 103.

ఇక కోచింగ్. మొదటి ఏడాది నుంచే అనే ఈ కొత్త మోజు నాకు అసలు నచ్చడం లేదు. సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే డిగ్రీ చేతికొచ్చాక కూడా మూడేళ్లు ఆగాలి. కాలేజీలో ఇంకా మొదలే కాని సివిల్ ప్రొసీజర్ సెక్షన్లు ఇప్పుడు కంఠస్థం చేయిస్తే అప్పటికి ఏం గుర్తుంటాయి? ఫీజు మీరు కట్టగలరు, తీర్పులు చదువుకునే సాయంత్రాలు ఎక్కణ్నుంచి తెచ్చిస్తారు? మీరు రాసినదాంట్లో అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క మాట లేదండి. జడ్జి కావాలని ఆమె అడిగిందా, మీరే అనుకున్నారా? ముందు ఆ పిల్లతో మాట్లాడండి.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు జిల్లా కోర్టులో ఒక ఉదయం కూర్చుని వాదనలు వినమనండి. మామూలు కేసులు నడిచే హాల్లో ఎవరైనా కూర్చోవచ్చు. మీరూ తోడు వెళ్లండి, కానీ ఇంటికొచ్చాక ఏం నేర్చుకున్నావని పరీక్ష పెట్టకండి.