గుర్రాన్ని తెచ్చుకుంటానన్న మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రేసులు మానిపించిన గుర్రాన్ని ఒకదాన్ని తీసుకుంటున్నావట, అమ్మమ్మ సంవత్సరీకం లోపే కడియం తోటకి చేర్చేస్తావట, అడ్వాన్సు కూడా ఇచ్చేశావట. మీ అమ్మ గొంతు నిండా కంగారే. నాకు మాత్రం ముందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, భయం ఆ తర్వాత వేసింది. నాకొక మాట చెప్పకుండా డబ్బు కట్టేస్తావా? ఆ కోపం ఇంకా ఉంది. అయినా వద్దని చెప్పడానికి రాయడం లేదు. మీ అమ్మమ్మే ఉంటే నీకంటే ముందు తోటకి వెళ్ళి, పాక ఎక్కడ వెయ్యాలో కర్రతో గీత గీసి వచ్చేది.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. ఎడమ పక్క నుంచి దగ్గరికి వెళ్ళు, ఎడమ పక్క నుంచే ఎక్కు, వెనకాల నిలబడకు, పగ్గం చేతికి చుట్టుకోకు, హెల్మెట్ లేకుండా జీను మీద కూర్చోకు. ధనుర్వాతం ఇంజక్షన్ దానికీ వేయించు, నువ్వూ వేయించుకో, గుర్రాలకి ఆ జబ్బు ఇట్టే పట్టుకుంటుంది. ఇవన్నీ నేర్పేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు కదా.

గుర్రం కంటే ముందు లాడాలు కొట్టే మనిషిని చూసుకో. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కాలి, అది తప్పితే కాళ్ళు పాడవుతాయి. మా రోజుల్లో రాజమండ్రి స్టేషను బయట జట్కాలు వరసగా ఆగేవి కాబట్టి ఆ మనుషులూ అక్కడే ఉండేవారు. ఇప్పుడు మన కడియంలో ఎటు చూసినా పూలమొక్కల నర్సరీలే తప్ప లాడం కొట్టేవాడు నాకైతే కనబడలేదు. ఇంకోటి, అయిదేళ్ళ గుర్రాన్ని తెస్తున్నావు, బాగా చూసుకుంటే పాతికేళ్ళు దాటి బతుకుతుంది. అంటే ఇరవై ఏళ్ళ మాట. నీ పెళ్ళి, ఉద్యోగాలు, పిల్లలు, అన్నీ దాని మేత వేళల మధ్యలోనే జరగాలి. ఒంటరిగా ఉంటే దిగులు పడుతుంది, తోడుగా ఒక మేకనైనా కట్టాలి. మన గోదావరి ఉక్కకి రోజుకి నలభై లీటర్ల నీళ్ళు తాగినా ఆశ్చర్యపోకు, తొట్టె ఎప్పుడూ నిండుగా ఉండాలి.

తోట గట్టు మీద మీ మావయ్య ముచ్చటపడి వేసిన గన్నేరు ఉందే, దాన్ని రేపే వేళ్ళతో సహా పీకించేస్తాను. గుప్పెడు ఆకులు తిన్నా గుర్రం బతకదు. ఎండిన ఆకైనా అంతే. వాడు బాధపడితే పడనీ.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

మీ అమ్మమ్మ పుట్టిల్లు కోటగుమ్మం దగ్గర. వాళ్ళ నాన్నకి జట్కా ఉండేది, మగపిల్లలు లేరు. మా పెళ్ళయిన రెండేళ్ళకి ఆయన పోయారు. గుర్రాన్ని అమ్మేయమని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆవిడ ఎవరి మాటా వినకుండా దాన్ని మా ఇంటికి నడిపించుకొచ్చి వేపచెట్టుకి కట్టేసింది. గోధుమరంగు ఆడగుర్రం, నుదుటి మీద తెల్లమచ్చ, అందుకే చుక్క అని పేరు. పొద్దున్నే నాలుగింటికి లేచి ఉలవలు ఉడకేసేది. ఉలవలు చుక్కకి, వార్చిన నీళ్ళతో చారు మాకు. మేత పెట్టాక దాని పక్కన వంగి, చెయ్యి వీపు మీద వేసి, పొట్టకి చెవి ఆనించేది. లోపల గుడగుడలాడుతుంటే నవ్వుతూ లేచి "మిల్లు ఆడుతోందండీ" అనేది. ఆ మిల్లు ఆడినంతసేపూ గుర్రానికి ఏ భయమూ లేదని వాళ్ళ నాన్న నేర్పారట.

1979లో పుష్కరాలు వచ్చాయి. పేపరు మిల్లులో నేను సెలవు పెట్టి, పన్నెండు రోజులూ స్టేషను నుంచి కోటిలింగాల రేవుకి బండి తోలాను. జనం అంటే జనం కాదు. ఒకరోజు పొద్దున్నుంచి రాత్రి దాకా చుక్కకి గడ్డి మెయ్యడానికి తీరిక ఇవ్వలేదు. రేవు దగ్గర అన్నసమారాధనలో మిగిలిపోయిన అన్నం ఉంటే, అడిగి రెండు బకెట్లు తెచ్చి దాని ముందు పెట్టాను. ఆకలి మీద ఉందేమో, అడుగు దాకా నాకేసింది. ఇంటికొచ్చి చెబితే మీ అమ్మమ్మ మొహం మారిపోయింది. "అన్నం పెడతారా దానికి?" అంది. పొట్ట నిండింది కదా, నీకెందుకు టెన్షన్ అన్నాను.

రాత్రి పదింటికి గడ్డి వేస్తే చుక్క ముట్టలేదు. మెడ తిప్పి తన పొట్ట వైపు చూసుకుంటోంది, ముందుకాలితో నేల గీరుతోంది. మీ అమ్మమ్మ చెవి ఆనించింది. ఈ పక్క విని, ఆ పక్కకి వెళ్ళి విని, నా దగ్గరికొచ్చి "చప్పుడు లేదండీ" అంది. "డాక్టరు గారి ఇంటికి వెళ్ళి తలుపు కొట్టండి" అంది. నేను ఒళ్ళు నొప్పుల మీద ఉన్నాను. "అలిసిపోయింది అంతే, తెల్లారి చూద్దాం" అని పడుకున్నాను.

ఆ మాట అన్నది నేనే, అమ్మలూ. తెల్లారి చూద్దాం అన్నాను.

ఆవిడ ఒక్కతే దాన్ని పట్టుకుని వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిపిస్తూనే ఉంది. నిద్రలో మధ్యమధ్య గిట్టల చప్పుడు వినబడేది. మూడింటికి ఆ చప్పుడు ఆగిపోయింది. లేచి చూస్తే చుక్క నేల మీద పడి పొర్లుతోంది, ఒళ్ళంతా చెమట. అప్పుడు సైకిలేసుకుని పరిగెత్తాను. డాక్టరు గారిని తీసుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆయన చెప్పారు, గుర్రానికి వాంతి రాదు, లోపలికి వెళ్ళినది వెనక్కి రాదు, అన్నం లోపల పులిసి పొట్ట పగిలిపోయిందని.

మీ అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు నాలుగింటికి అలవాటు కొద్దీ లేచి ఉలవలు పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరిగాక గుర్తొచ్చినట్టుంది, గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత నాలుగేళ్ళు మా ఇంట్లో ఉలవచారు కాగలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

అందుకే చెబుతున్నాను, మేత ఏది మార్చినా పదిరోజులు పట్టించి కొంచెం కొంచెంగా మార్చు. రేసుల దగ్గర అది తిన్న దాణా వేరు, మన తోటలో గడ్డి వేరు. చూడ్డానికొచ్చిన చుట్టాలు ముద్దొచ్చి లడ్డూలూ పులిహోరా పెడతారు, ఎవరినీ పెట్టనివ్వకు, నన్ను కూడా. ఏ పూటైనా అది గడ్డి వదిలేసి పొట్ట వైపు చూసుకుంటే అర్ధరాత్రి అని చూడకు, డాక్టరుని లేపు. ఇప్పుడు ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట తేలిక చేస్తున్నారు, టైముకి వెళ్తే చాలా గుర్రాలు బతుకుతున్నాయి. గుర్రం తెలిసిన డాక్టరు ఎంత దూరంలో ఉన్నారో ముందు కనుక్కో. నాలుగు గంటల ప్రయాణం అయితే మాత్రం ఆ అడ్వాన్సు వెనక్కి తీసుకో, నేను గట్టిగా చెబుతున్నాను.

మీ అమ్మమ్మ మళ్ళీ గుర్రాన్ని కొనలేదు. కానీ నీకు ఆరేళ్ళప్పుడు విశాఖ ఆర్కే బీచిలో నిన్ను గుర్రం ఎక్కించడానికి వెళ్ళి, ఆ అబ్బాయి తెల్లబోయి చూస్తుంటే, ఇసకలో చీర తడుస్తున్నా వంగి ముందు దాని పొట్టకి చెవి ఆనించింది. విన్నాకే నిన్ను ఎక్కనిచ్చింది. నీకు కడుపునొప్పి వచ్చినా అంతే, మీ అమ్మకి వచ్చినా అంతే, మందు కంటే ముందు ఆవిడ చెవి. నీకు గుర్తుందా? నువ్వు గిలిగింతలని నవ్వేదానివి.

అటక మీద నుంచి చుక్కని దువ్వే ఇనప దువ్వెన దింపాను. ఆవిడ పాత నేతచీర ముక్కలో చుట్టి దాచింది. పళ్ళు తుప్పు పట్టాయి, మధ్యలో గోధుమరంగు వెంట్రుకలు నాలుగు ఇంకా ఉన్నాయి. తుప్పు నేను తోమి ఇస్తాను, వెంట్రుకలు మాత్రం నా దగ్గర ఉంచుకుంటాను.

నాకు మోకాళ్ళు సహకరించడం లేదు, వంగలేను. గుర్రం లారీ దిగిన రోజు, మొదటి మేత అయ్యాక నాకు ఫోన్ చెయ్యి. ఫోను దాని పొట్టకి ఆనించి పట్టుకో, నేను వింటాను.

మీ తాతయ్య